మూడో తరగతి పాపకు ఏ చిలుకను తెచ్చుకోవాలి?

ప్రశ్న: మాది నెల్లూరు. బెంగళూరు మారతహళ్లిలో మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఉంటున్నాం. పాప మూడో తరగతి, బాబుకు నాలుగేళ్లు. చిలుక కావాలని పాప ఏడాదిగా పట్టుబడుతోంది. కొత్తది కొనడం కంటే ఎవరైనా పెంచుకోలేక ఇచ్చేస్తున్నదాన్ని తెచ్చుకుందామని మావారు అంటున్నారు. ఇప్పుడు మూడు కనిపించాయి. మావారి ఆఫీసులో ఒకాయన కెనడా వెళ్తూ తన నాలుగేళ్ల కాకటీల్‌ను ఇస్తామంటున్నారు. కానీ అది చెయ్యి చూస్తేనే వెనక్కి జరుగుతోంది. ఇంకొకరి దగ్గర రెండేళ్ల సన్ కోన్యూర్ ఉంది, పాప మనసంతా దానిమీదే. మా పక్క బ్లాకులో ఒక ఆంటీ ఆరేళ్లుగా పెంచుతున్న రామచిలుకను ఊరికే తీసుకెళ్లమంటున్నారు. బాబుకు చలికాలంలో పిల్లికూతలు వస్తాయి, నెబ్యులైజర్ పెడుతుంటాం. అత్తగారు మాతోనే ఉంటారు. ఏది తెచ్చుకోవాలి? ఏమేం చూసుకోవాలి?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: ముందు రామచిలుక సంగతి తేల్చేద్దాం. దాన్ని తెచ్చుకోకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశపు చిలుకలు వేటినీ ఇంట్లో ఉంచుకోకూడదు, అమ్మకూడదు, కొనకూడదు. డబ్బు చేతులు మారలేదు కాబట్టి ఫరవాలేదు అనుకోవడానికి లేదు, ఉచితంగా తీసుకున్నా నేరమే. ఆంటీ దాన్ని ప్రేమగానే పెంచి ఉంటారు. అయినా అంగళ్లలో దొరికే రామచిలుకలు చెట్టు తొర్రల్లోంచి పిల్లలుగా ఉన్నప్పుడే లాక్కొచ్చినవి. అలాగని బాల్కనీలోంచి ఎగరేసేయమని మాత్రం ఆవిడకు చెప్పకండి. ఆరేళ్లు పంజరంలో ఉన్న పిట్టకు ఎగిరే బలం ఉండదు, మేత వెతుక్కోవడం తెలియదు, గద్దో కాకులో సాయంత్రంలోపే పట్టుకుపోతాయి. అటవీ శాఖకు గానీ, కెంగేరి దగ్గరున్న పీపుల్ ఫర్ యానిమల్స్ వన్యప్రాణి ఆసుపత్రికి గానీ ఫోన్ చేసి అప్పగించమనండి.

సన్ కోన్యూర్ విదేశీ పక్షి కాబట్టి పెంచుకోవచ్చు, అయితే కాగితాలు ఉండాలి. విదేశీ చిలుకల్లో చాలా జాతులు, వన్య జంతువుల, మొక్కల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ సైట్స్ ఒప్పందం జాబితాలో ఉన్నాయి. అలాంటివాటిని పెంచేవాళ్లు కేంద్రం పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలని 2024 ఫిబ్రవరిలో నియమాలు వచ్చాయి. పక్షి ఒకరి నుంచి ఇంకొకరికి వెళ్లినప్పుడు ఆ మార్పు కూడా అందులోనే చూపాలి. ఇచ్చేవాళ్ల దగ్గర నమోదు లేకపోతే ఆ చిక్కు మీ మెడకు చుట్టుకుంటుంది. కాకటీల్, మనవాళ్లు లవ్ బర్డ్స్ అని పిలుచుకునే బడ్జీ ఈ జాబితాలో లేవు కాబట్టి వాటికి ఈ నమోదు అక్కర్లేదు.

కాగితాలు సరిగ్గా ఉన్నా సన్ కోన్యూర్ మీ ఇంటికి తగదు. పసుపు, నారింజ రంగులు కలిసి అందంగా ఉంటుంది, పాప మనసు పడటంలో ఆశ్చర్యమేమీ లేదు. కానీ దాని అరుపు అపార్ట్‌మెంటులో గోడలు దాటి పక్క ఫ్లాట్లకు వెళ్తుంది. పొద్దున, సాయంత్రం గుంపును పిలిచినట్టు అరవడం దాని స్వభావం, మానిపించలేం. ఇంకో సంగతి. ఈ పక్షులు దాదాపు రెండేళ్లకు ఈడుకొస్తాయి. అప్పటిదాకా ఒళ్లో ఆడుకున్నది ఒక్కసారిగా కరవడం, ఒక్క మనిషినే అంటిపెట్టుకుని మిగతావాళ్ల మీదకు దూకడం మొదలుపెడుతుంది. సరిగ్గా రెండేళ్ల వయసులో ఇచ్చేస్తున్నారంటే కారణం చాలాసార్లు ఇదే. ఆ దశ దాటించడం అనుభవమున్న పెద్దలకే కష్టం. పెదవి, చెవి దగ్గర దాని కాటు లోతుగా దిగుతుంది. ఇంట్లో నాలుగేళ్ల బాబు కూడా ఉన్నాడు కదా.

ఇక మిగిలింది కాకటీల్. మీరు చెప్పిన మూడింటిలో పాపకు తగినది ఇదే. 80 నుంచి 100 గ్రాముల బరువు. గట్టిగా అరవడం తక్కువ, ఈలలు ఎక్కువ, అందులోనూ మగది. కరిస్తే నొప్పి పుడుతుంది గానీ పెద్ద గాయం కావడం అరుదు. అన్నిటికంటే మేలు ఏమిటంటే తన మనసులో మాట తల మీది తురాయితో చెప్పేస్తుంది, ఎనిమిదేళ్ల పిల్ల కూడా చదవగలదు. తురాయి కాస్త వెనక్కి వాలి ఉంటే నిమ్మళంగా ఉంది. నిటారుగా లేస్తే బెదిరింది లేదా దేన్నో గమనిస్తోంది. తలకు అతుక్కుపోయి, నోరు తెరిచి బుసకొడుతుంటే చెయ్యి వెనక్కి తీసుకోవాలి. పాపకు ముందు నేర్పాల్సింది ఈ మూడే.

అయితే బాబు పిల్లికూతల సంగతి తేలకుండా ఇది కూడా వద్దు. కాకటీల్ ఒంటి మీద కొన్ని ఈకలు పొడిపొడిగా రాలి తెల్లటి పౌడరులా ఊరుతూనే ఉంటాయి. నల్ల టీవీ మీద రెండు రోజుల్లో పొర కనిపిస్తుంది. చిన్న చిలుకల్లో ఇంత దుమ్ము వేరేవాటికి ఉండదు. ముందు పిల్లల డాక్టరును అడగండి. ఆయన సరే అంటే, ఇచ్చేవాళ్లింటికి బాబును కనీసం మూడు సార్లు, వేర్వేరు రోజుల్లో, ఒక్కోసారి గంటసేపు పంజరం ఉన్న గదిలోనే కూర్చోబెట్టండి. ఆ రాత్రి, మర్నాడు దగ్గు, కళ్లు దురద, ఆయాసం చూడండి. ఏ ఒక్కటి కనిపించినా కాకటీల్ మాట మర్చిపోయి, ఎవరైనా ఇచ్చేస్తున్న బడ్జీ కోసం చూడండి. దానికీ దుమ్ముంటుంది గానీ చాలా తక్కువ, బరువే 30, 40 గ్రాములు. డాక్టరును మళ్లీ అడిగే తెచ్చుకోండి. బాబుకు ఏమీ కాకపోతే ముందుకు వెళ్లొచ్చు. పంజరం హాల్లోనే ఉండాలి, పిల్లలు పడుకునే గదిలో వద్దు. చీపురుతో ఊడిస్తే దుమ్ము లేస్తుంది కాబట్టి తడిగుడ్డతో తుడవాలి. వారానికి మూడు నాలుగు సార్లు ఎండ వేళ స్ప్రే బాటిల్‌తో సన్నగా నీళ్లు చల్లి స్నానం చేయిస్తే పౌడరు బాగా తగ్గుతుంది.

ఆ మూడు సార్లు వెళ్లినప్పుడే పక్షినీ చూసుకోవచ్చు. చెయ్యి చూసి వెనక్కి జరుగుతుందన్నారు. చెయ్యంటే భయం వేరు, మనుషులంటేనే భయం వేరు. మీరు పంజరానికి నాలుగడుగుల దూరంలో కదలకుండా కూర్చోండి. పావుగంటలో అది మీ ఎదుటే మేత తింటే, ఈకలు దువ్వుకుంటే, ముక్కు అరగదీస్తూ కునికితే దాన్ని దారికి తేవచ్చు. ఎప్పుడో బలవంతంగా గుప్పిట్లో పట్టుకుని ఉంటారు, అందుకే చెయ్యి పడదు. అరగంటైనా మూలకు నక్కి, రొప్పుతూ, మేత ముట్టకుండా ఉంటే మాత్రం అది పిల్ల ఉన్న ఇంటికి మొదటి పక్షిగా సరిపోదు. ఛాతీ మీదో రెక్కల కిందో ఈకలు పీక్కున్న బట్టతావులున్నా అంతే. తల వెనక, తురాయి కింద చిన్న బట్టతావు ఉండి, పక్షి పసుపు తెలుపు లుటినో రకమైతే కంగారుపడకండి. అది ఆ రకానికి పుట్టుకతో వచ్చేదే.

పంజరం అడుగు కాగితాన్ని ఆ పొద్దుటే మార్చమని చెప్పి, వెళ్లగానే దాన్ని చూడండి. మంచి రెట్టలో మూడు భాగాలుంటాయి: ఆకుపచ్చగానో గోధుమరంగులోనో చుట్టుకున్న మలం, సున్నంలాంటి తెల్లటి ముద్ద, చుట్టూ కాస్త నీరు. తెల్లగా ఉండాల్సిన ముద్ద పసుపు పచ్చగా ఉంటే కాలేయం చెడిందేమో అనుమానించాలి. ముక్కు రంధ్రాల చుట్టూ పొక్కు, కింది ఈకలకు రెట్ట అంటుకోవడం, ఊరికే కూర్చున్నప్పుడు కూడా ఊపిరితో పాటు తోక పైకీ కిందికీ ఊగడం, పగలంతా ఉబ్బి కూర్చోవడం, వీటిలో ఏది కనిపించినా డాక్టరు చూశాకే మాట ఇవ్వండి.

కాకటీల్‌ను ఇచ్చే ఆయన్ను అడగాల్సినవి కూడా ఇప్పుడే అడిగేయండి, కెనడా వెళ్లాక ఫోన్లో దొరకడం కష్టం. ఇది ఆయనకు ఎవరి దగ్గర్నుంచి వచ్చింది, ఇది ఎన్నో ఇల్లు? రోజూ ఏం తింటుంది, పొద్దుతిరుగుడు గింజలు ఎంత? ఎప్పుడైనా గుడ్లు పెట్టిందా? రాత్రి ఎన్నింటికి పడుకోబెడతారు, జీరో బల్బు వేస్తారా? చేతి మీదకు పిలవడానికి ఏ మాట వాడతారు? రెక్కలు కత్తిరించారా, ఎప్పుడు? ఈ చివరి ప్రశ్న ముఖ్యం. 'ఇది ఎగరదండీ' అని ఇచ్చేవాళ్లు నమ్మకంగానే చెబుతారు. కత్తిరించిన ఈకలు రాలిపోయి కొత్తవి రావడానికి కొన్ని నెలలు పడుతుంది. ఎగరదని అలవాటుపడిన ఇంట్లో ఒకరోజు అది హఠాత్తుగా గాల్లోకి లేస్తుంది, పైన ఫ్యాన్ తిరుగుతుంటుంది.

పాత పంజరం, కర్రలు, ఆటబొమ్మలు, రెండు వారాలకు సరిపడా పాత మేత ఆయన్నే ఇమ్మనండి. ఇల్లు మారినప్పుడు కనీసం పంజరమైనా పాతదైతే దానికి కొంత ధైర్యం. పాప కొత్త పేరు పెడతానంటుంది, వద్దని చెప్పండి. ఆ ఇంట్లోంచి దానితో పాటు వచ్చే మాటల్లో పేరొక్కటే దానికి బాగా తెలిసినది.

ఒకవేళ ఈ పక్షి కుదరక ఆన్‌లైన్ ప్రకటనలు చూడాల్సి వస్తే ఒక జాగ్రత్త. పక్షిని కళ్లారా చూడకుండా ఒక్క రూపాయి పంపకండి. పెద్ద చిలుకను ఊరికే ఇస్తాం, రవాణా ఖర్చు మాత్రం ముందు వేయండి అనేవి మోసాలు.

పంజరం ఒక్క కాకటీల్‌కు కనీసం 60 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 60 ఎత్తు ఉండాలి. ఇంకా పొడవుంటే మంచిదే. గుండ్రటిది వద్దు. కమ్మీల మధ్య సందు ఒకటిన్నర సెంటీమీటరు దాటితే తల ఇరుక్కుంటుంది. జింకు పూత పెచ్చులూడుతున్న చవక తీగ పంజరం వాడకండి. పక్షి కమ్మీలు కొరుకుతూనే ఉంటుంది, జింకు కడుపులోకి వెళ్తే విషం. పంజరంతో వచ్చే నున్నటి ప్లాస్టిక్ కర్రలు తీసేసి, మందు కొట్టని జామ చెట్టువో వేప చెట్టువో కొమ్మలు కడిగి ఎండబెట్టి కట్టండి. వేలు లావు నుంచి బొటనవేలు లావు దాకా రకరకాలుగా ఉంటే కాళ్లకు పుళ్లు పడవు. ఒక పక్క గోడకు ఆనించి, పెద్దవాళ్ల ఛాతీ ఎత్తులో పెట్టండి. బాల్కనీలో వదిలేయకండి, గద్దలు, పిల్లులు, రాత్రయితే ఎలుకలు. ఇక్కడ డిసెంబరు రాత్రుళ్లు చల్లగా ఉంటాయి, గాలి నేరుగా తగలకుండా చూస్తే చాలు.

ఇప్పుడు మీ అత్తగారితో కూర్చుని మాట్లాడాల్సిన విషయం. పక్షి ఊపిరితిత్తులు మన వాటిలా కావు. గాలిలో ఉన్నది ఏదైనా చాలా వేగంగా ఒంట్లోకి పీల్చుకుంటాయి. నాన్-స్టిక్ దోసె పెనం పొయ్యి మీద మర్చిపోతే, దాని పూత బాగా వేడెక్కి వచ్చే పొగకు వాసన కూడా పెద్దగా ఉండదు. మనకు తెలిసేలోపు పక్కగదిలోని పక్షి నిమిషాల్లో చనిపోతుంది. వంటగది తలుపు వేసి ఉంచినా నమ్మకం లేదు. పక్షి వచ్చేలోపు ఇంట్లోని నాన్-స్టిక్ పెనాలు, ఆ పూతున్న ఎయిర్ ఫ్రయర్ తీసేసి ఇనుప పెనానికి మారండి. శుక్రవారం సాంబ్రాణి, అగరొత్తులు, హారతి కర్పూరం, దోమల కాయిల్, ప్లగ్గులో పెట్టే దోమల మందు, రూమ్ స్ప్రే, ఇవేవీ పంజరం ఉన్న చోట వద్దు, బాబు పిల్లికూతలకూ ఇవి మంచివి కావు. పూజగది హాల్లోకి తెరుచుకుంటే దీపం వరకు ఉంచి, ధూపం మానమని అత్తగారిని అడగండి. ఒప్పుకోకపోతే పక్షిని తెచ్చుకోవద్దనే మా సలహా. పెద్దావిడ చేత అలవాటు మాన్పించి లోలోపల బాధపెట్టడం ఇంటికి మంచిది కాదు, దొంగచాటుగా వెలిగిస్తే పక్షికి మంచిది కాదు. బొద్దింకలకు మందు కొట్టించే రోజు పక్షిని వేరే ఇంట్లో ఉంచాలి.

పంజరం తలుపు తీసే ముందు ఫ్యాను ఆపి, రెక్కలు పూర్తిగా నిలిచిపోయే దాకా ఆగాలి. కిటికీలకు దోమల మెష్ వేసి ఉండాలి, బకెట్ల మీద మూతలుండాలి, స్టవ్ ఆపి ఉండాలి. ఫ్యాన్ స్విచ్ మీద పాప చేతే ఎర్ర స్టిక్కర్ అంటించండి. తలుపు తీసే పని మాత్రం పెద్దవాళ్లదే.

ఇంటికి తెచ్చిన మొదటి నాలుగైదు రోజుల్లోనే పక్షుల డాక్టరుకు చూపించండి. బెంగళూరులో కుక్కల్ని, పిల్లుల్ని చూసే క్లినిక్కులు వీధికొకటి ఉన్నా అందరూ పక్షుల్ని చూడరు, ఫోన్లోనే అడిగి వెళ్లండి. హెబ్బాళలోని వెటర్నరీ కాలేజీ ఆసుపత్రిలోనూ విచారించవచ్చు. బరువు, రెట్ట పరీక్ష, సిటకోసిస్ పరీక్ష చేయమనండి. సిటకోసిస్ చిలుకల నుంచి మనుషులకు సోకే జబ్బు. ఇంట్లో ఎవరికైనా జ్వరం, తలనొప్పి, పొడిదగ్గు కలిసి వస్తే ఇంట్లో చిలుక ఉందని మీ డాక్టరుకు చెప్పడం మరవకండి. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి, పక్షికి ముద్దులు, నోటితో తినిపించడం వద్దు. మన ఉమ్మిలోని సూక్ష్మజీవులు దానికి ప్రమాదం.

మొదటి మూడు రోజులు దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. మేత, నీళ్లు మార్చి పక్కకు వచ్చేయడమే. పాపను రోజూ సాయంత్రం పంజరానికి కొంచెం దూరంగా, దాని కళ్లకంటే ఎత్తుగా కాకుండా కూర్చోబెట్టి తెలుగు వాచకం పైకి చదవమనండి. గొంతు అలవాటవుతుంది, చదువూ అవుతుంది. నాలుగో రోజు నుంచి కొర్ర కంకి ఒకటి కమ్మీల సందులోంచి చాచాలి. మొదట కంకి పొడవుగా పట్టుకుని, అది దగ్గరకొచ్చి తినే కొద్దీ రోజురోజుకూ పొట్టిగా పట్టుకోవాలి. ఒక్కో దఫా 5 నిమిషాలు, రోజుకు రెండు సార్లు, అంతకంటే ఎక్కువ వద్దు. వెనక్కి జరిగితే నిన్నటి దూరానికి వెళ్లాలి. వేలి పక్కనే తినేదాకా వచ్చాక చూపుడువేలిని దాని పొట్ట కింద, కాళ్లకు కాస్త పైన, కర్రలా అడ్డంగా పెట్టి, పక్షిని ఇచ్చిన ఆయన చెప్పిన మాటే అనాలి. చాలా పక్షులు ఎక్కే ముందు ముక్కుతో వేలిని తడిమి చూస్తాయి. అది కాటు కాదు, కొమ్మ గట్టిగా ఉందా అని చూసుకోవడం. పిల్లలు అక్కడే చెయ్యి లాగేస్తారు, పక్షి పడబోయి, ఇంకోసారి నమ్మదు. అందుకే ఈ మెట్టు ముందు మీరు దాటాలి, తర్వాత పాప. మూడు వారాల్లో కావచ్చు, మూడు నెలలు పట్టవచ్చు. గుప్పిట్లో పట్టుకోవడం మాత్రం ఎప్పుడూ వద్దు. పక్షి ఛాతీ ముందుకీ వెనక్కీ కదిలితేనే ఊపిరి ఆడుతుంది, పిల్లలు ప్రేమగా నొక్కినా ఊపిరాగిపోతుంది. బాబును పెద్దవాళ్లు పక్కన లేకుండా పంజరం దగ్గరకు పంపకండి.

మేత సంగతి. ఇలా ఇళ్లు మారే పక్షులు చాలామటుకు గింజల మీదే బతికినవి, అందులోనూ పొద్దుతిరుగుడు ఏరుకుని తిన్నవి. దాంతో విటమిన్ ఎ తక్కువై, కాలేయానికి కొవ్వు పడుతుంది. అయినా వచ్చిన రోజే మార్చకండి. రెండు వారాలు పాత మేతే పెట్టి, ఆ తర్వాత నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో మెల్లగా పెల్లెట్లు (పక్షుల కోసం తయారుచేసి అమ్మే గుళికల మేత) కలుపుతూ, కొర్రలు, సామలు, కొద్దిగా సజ్జలు ఉంచి, పొద్దుతిరుగుడు రోజుకు నాలుగైదు గింజలకు తగ్గించండి. గింజలు, పెల్లెట్లు కలిపి రోజుకు ఒకటి, ఒకటిన్నర టేబుల్ స్పూన్లు చాలు. పొద్దున ఆకలి మీద ఉన్నప్పుడు మునగాకు, కొత్తిమీర, మెంతికూర, తురిమిన క్యారెట్, తీపి గుమ్మడి ఇవ్వండి. పాలకూర అప్పుడప్పుడే. ఆకుకూరల మీద మందుల మిగులు ఉంటుంది కాబట్టి ఉప్పు నీళ్లలో నానబెట్టి బాగా కడగాలి. అవకాడో, చాక్లెట్, కాఫీ, టీ, ఉల్లి, వెల్లుల్లి, యాపిల్ గింజలు, ఉప్పు చిరుతిళ్లు ప్రమాదం. సున్నం కోసం కటిల్‌బోన్ వేలాడదీయండి. ఆయుర్వేద అంగళ్లలో సముద్రపు నురుగు అనేది ఇదే.

మేత మార్చేటప్పుడు మోసపోయేది ఇక్కడ. గింజల తొక్కలు గిన్నె నిండా కనిపిస్తాయి, మేత ఇంకా ఉందనుకుంటాం, లోపల గింజ ఉండదు. అందుకే గ్రాము దాకా చూపే వంటింటి డిజిటల్ కాటా ఒకటి తెచ్చి, దాని మీద చిన్న కర్ర బిగించి, రోజూ పొద్దున మేత పెట్టకముందు తూకం వేయండి. ఈ లెక్క రాసే పని పాపకివ్వండి, నోట్‌బుక్‌లో తేదీ, గ్రాములు. 92 గ్రాముల పక్షి 88కి వస్తే మార్పు ఆపి వెనకటి మేతకు వెళ్లాలి. 83కి వస్తే ఆ రోజే డాక్టరు దగ్గరకు. పక్షులు జబ్బును చివరిదాకా దాచుకుంటాయి, ఈకలు ఉబ్బించి కింద కూర్చునే సరికి సమయం దాటిపోతుంది. కాటా మాత్రం ముందే చెప్పేస్తుంది.

రాత్రి 10 నుంచి 12 గంటలు చీకటి, నిశ్శబ్దం కావాలి. కాకటీల్ మిగతావాటికంటే ఎక్కువగా అర్ధరాత్రి ఉలిక్కిపడి పంజరానికి కొట్టుకుంటుంది, రెక్క ఈకలు విరిగి రక్తం కారడం కూడా ఉంటుంది. దూరంగా ఒక జీరో బల్బు వెలిగించి ఉంచండి. దీపావళి వారం పంజరాన్ని లోపలి గదిలోకి మార్చి, ఫ్యాన్ ఆపి, కిటికీలు మూయండి. ఆడదని తేలితే పెట్టెలు, అరల మూలలు, పరుపు కింద సందులు దానికి గూడులా కనిపించకుండా చూడండి. మగ పక్షి లేకపోయినా గుడ్లు పెడుతుంది. గుడ్డు ఇరుక్కుని పంజరం అడుగున ముక్కుతూ కూర్చుంటే గంటల్లో ప్రాణం మీదకు వస్తుంది.

నాలుగేళ్ల కాకటీల్ బాగా చూసుకుంటే ఇంకా పది, పదిహేనేళ్లు ఉంటుంది. పాప కాలేజీ చదువు అయ్యేదాకా అన్నమాట. రెండు నెలలకు పాప ఆసక్తి తగ్గినా తప్పుపట్టకండి, ఈ వయసు పిల్లలంతా అంతే. రోజూ శుభ్రం చేయడం, డాక్టరు, మేత, మీరూ మీవారూ చేయగలమనుకుంటేనే సరేననండి.

సంక్రాంతికి నెల్లూరు వెళ్లేటప్పుడు ఏం చేస్తారో కూడా ఇప్పుడే అనుకోండి. కారులో తీసుకెళ్తే చిన్న క్యారియర్‌లో, మూడు పక్కలా గుడ్డ కప్పి, సీటు బెల్టుతో బిగించి, ఎండ పడని వైపు పెట్టండి. నీళ్ల గిన్నె ఒలికిపోతుంది, దానికి బదులు కీరా ముక్కలు ఉంచి, ఆగినప్పుడల్లా నీళ్లు పట్టండి. టీ తాగడానికి దిగినా మూసిన కారులో వదలకండి. ఇక్కడే ఉంచి వెళ్లేట్టయితే పక్షుల్ని ఎరిగినవారిని ముందే చూసుకుని, వెళ్లే వారం ముందు రెండు సార్లు వాళ్ల చేత మేత పెట్టించి, పాప రాసిన బరువుల నోట్‌బుక్, కాటా, డాక్టరు నంబరు వాళ్లకు ఇచ్చి వెళ్లండి.